సింగయ్య సోడాగోళీ దీపాలు

తెనాలి పార్కులో సాయంత్రాలు రేడియో పెట్టే ఉద్యోగం మా మరిది సింగయ్యది. ఉద్యోగమంటే కుర్చీ, బల్ల, పంకా ఊహించుకోకండి. పార్కు మధ్యలో రేకుల కప్పు వేసిన ఒక గది, అందులో పెద్ద రేడియో, దాని పక్కన దాని గొంతు పెంచే యాంప్లిఫయరు, బయట స్తంభాల మీద నాలుగు హారన్లు. సాయంత్రం ఆరయ్యేసరికి రేడియో మోగాలి, ఎనిమిదిన్నరకి ఆగాలి. ఇంతే పని. ఈ పని చేయడానికి మా సింగయ్య మూడింటికే తల దువ్వుకుని బయల్దేరేవాడు.

ఎందుకయ్యా అంత తొందర అంటే, "వాల్వులు వేడెక్కాలి వదినా" అనేవాడు. వాల్వులు వేడెక్కడానికి ఒక్క నిమిషం చాలని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మిగతా రెండు గంటల యాభైతొమ్మిది నిమిషాలూ వేడెక్కేది మా సింగయ్యే.

మాది నిజాంపట్నం వైపు. మా మామగారి కాలం వరకూ సముద్రం మీద బతికినవాళ్ళం. మా ఆయన తెనాలి వచ్చి మార్కెట్లో ఎండుచేపల కొట్టు పెట్టాక తమ్ముణ్ణి కూడా తెచ్చి కొట్లో కూర్చోబెట్టాడు. అప్పుడు సింగయ్యకి పదహారేళ్ళు. వారం తిరక్కుండా తక్కెడకి టార్చిలైటు బల్బు బిగించాడు. ముల్లు సరిగ్గా మధ్యకి వస్తే అది వెలగాలి. వెలిగింది కూడా. జనం గుంపుగా నిలబడి బల్బు చూశారు, ఒక్కరూ చేప కొనలేదు. మా ఆయన ఆ సాయంత్రమే వాణ్ణి బాపట్ల తీసుకెళ్ళి, రేడియోలు బాగుచేసే వెంకటకృష్ణయ్య గారి చేతుల్లో పెట్టి వచ్చాడు.

నాలుగేళ్ళు ఉన్నాడక్కడ. పని నేర్చుకున్నాడు, అబద్ధమెందుకు చెప్పాలి. మూగబోయిన రేడియో వాడి ఒళ్ళో పడితే పలికి తీరేది. కానీ దీపాల పిచ్చి వదిలించుకుని వస్తాడనుకుంటే, ముదిరించుకుని వచ్చాడు. ఏ వస్తువైనా చీకట్లో కనపడకుండా ఉంటే దానికేదో అన్యాయం జరిగిపోతున్నట్టు బాధపడేవాడు. మా ఇంట్లో నీళ్ళకుండ మీద మూత తీస్తే దీపం. తలుపు గడియ పెడితే దీపం. మా అత్తగారు బతికున్నంతకాలం, "నేను పోయాక నా పాడెకి మాత్రం పెట్టకురా నాయనా" అనేది.

పార్కులో పని దొరకడం అరవై అయిదులో. యాంప్లిఫయరుకి నల్ల బొత్తాలు అయిదు ఉండేవి, ఒక్క కాన్పులో పుట్టిన పిల్లల్లా. ఒకటి మొత్తం సెట్టుకి. ఒకటి తూర్పు హారన్లకి, ఒకటి పడమటి హారన్లకి. ఒకటి రేడియోకి. చివరిది మైకుకి. పిల్లలెవరైనా తప్పిపోతే, ఎర్ర గౌను పిల్ల రేడియో గది దగ్గర ఏడుస్తోంది, తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్ళండి అని చెప్పడానికి ఆ మైకు. చేరిన మొదటి వారంలోనే పడమటి హారన్లు ఆపబోయి రేడియో బొత్తాం నొక్కాడు. వార్తలు సగంలో తెగిపోయాయి. రోజూ మొదటి బెంచీ మీద కూర్చునే రిటైరైన గుమాస్తా శ్రీనివాసరావు గారు కర్ర ఊపుకుంటూ గదిలోకి వచ్చారు.

"ఏమయ్యా, మంత్రి గారు ఏదో అనబోతున్నారు. ఏమన్నారు?"

"తెలీదండి. బొత్తాం మారిందండి."

"ఇప్పుడు ఆయన మళ్ళీ చెప్తాడా నీకోసం?"

అంతే, సింగయ్యకి కావలసిన సాకు దొరికింది. పార్కు గేటు దగ్గర ఆదాము గోళీసోడాలు అమ్మేవాడు. పగిలిన సీసాల్లోంచి వచ్చిన గోళీలు అయిదు అతని దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. నల్ల బొత్తాలు పీకేసి వాటి చోట గోళీలు కూర్చాడు, ఒక్కోదాని వెనకా ఒక చిట్టి బల్బు పెట్టాడు. నొక్కితే గోళీ మొత్తం లోపల్నించి వెలుగుతుంది. మరి రంగులో? రంగులకి మా ఇల్లుంది. వార్నీషులో నా కుంకుమ కలిపి ఎర్రది చేశాడు. నా పసుపు కలిపి పచ్చది చేశాడు. బట్టలకి పెట్టుకునే నీలిమందుతో నీలంది, పసుపూ నీలిమందూ కలిపి ఆకుపచ్చది. పండక్కి బొట్టు పెట్టుకుందామని బరిణె తెరిస్తే అడుగు కనపడుతోంది. మైకు గోళీకి మాత్రం రంగు వేయలేదు. "తప్పిపోయిన పిల్లల కోసం కదా వదినా, తెల్లగా ఉండాలి" అన్నాడు. ఆ మాటకి తిట్టబోయిన దాన్ని ఆగిపోయాను. అప్పుడప్పుడూ అలా ఒక మాట అని తప్పించుకునేవాడు.

రేడియో వినడానికి వచ్చేవాళ్ళ కన్నా దీపాలు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. శ్రీనివాసరావు గారు కిటికీలోంచి తొంగిచూసి, "ఇది రేడియోనా, దీపావళా?" అన్నారు. ఆ తర్వాత ఆయన బొత్తాల గురించి ఫిర్యాదు చేయలేదు. సింగయ్య రేడియో పెట్టగానే జేబులో గడియారం తీసి ఆరుకి సరిచేసుకోవడం ఆయన అలవాటు. పార్కు రేడియో కన్నా నమ్మదగింది ఈ ఊళ్ళో లేదని అందరికీ చెప్పేవారు.

అరవై ఎనిమిదిలో వాడికి పెళ్ళి చేశాం. పిల్ల సుబ్బరత్నం, రేపల్లె దగ్గర పడవలున్న ఇంటిది. తండ్రి లేడు. తల్లి ధనమ్మ. పిల్ల పొడగరి, వలలు అల్లిన చేతులు, చూపు నిటారుగా ఉంటుంది. పెళ్ళిచూపుల్లో ధనమ్మ పిన్ని, "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగితే మా ఆయన మీసం దువ్వుకుని, "రేడియోలో చేస్తాడు" అన్నాడు. పెళ్ళయిన నెల్లాళ్ళ దాకా రేపల్లె వాళ్ళంతా అల్లుడి గొంతు వినపడుతుందేమోనని రేడియో ముందు కూర్చున్నారట.

సింగయ్య కాపురం మా ఇంటి వెనక గదిలోనే. పార్కుకి రెండు వీధుల దూరం. మొదటి ఏడాది ఎలాగో గడిచింది. సుబ్బరత్నం నోరు పెద్దగా మెదపదు. ఆరింటికి దీపం పెట్టి గుమ్మంలో కూర్చుంటుంది, తొమ్మిదింటికి మొగుడొస్తే అన్నం పెడుతుంది. మధ్యలో హారన్లు మోగుతూనే ఉంటాయి. మొగుడెక్కడున్నాడో ఊరంతటికీ వినిపిస్తుంది, ఇంట్లో మాత్రం ఉండడు.

రెండో ఏడు దసరా వెళ్ళాక ఒకరోజు ఆ పిల్ల పండుగప్ప చేప తెప్పించి, చింతకాయ వేసి పులుసు పెట్టింది. ఆ పులుసు వాసనకి మా ఆయన రెండుసార్లు వెనక వాకిట్లోకి వెళ్ళొచ్చాడు. సింగయ్య తొమ్మిదింటికి వచ్చాడు. చల్లారిన పులుసు పోసుకుని, ముళ్ళు తీసుకుంటూ తిని, ఖాళీ చేసిన కంచంలో చెయ్యి కడుక్కుని అన్నాడు:

"తూర్పు హారను గరగరలాడుతోంది. నీకిక్కడికి వినిపించిందా?"

"పులుసెలా ఉంది?" అంది సుబ్బరత్నం.

"ఏ పులుసు?"

ఆ రెండు మాటలే. తెల్లారి మొదటి బండికి సుబ్బరత్నం పెట్టెతో సహా రేపల్లె వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"నాకు చీరలొద్దు, నగలొద్దు అక్కా. దీపాలు పెట్టేవేళకి మొగుడు ఇంట్లో ఉండాలి. మా నాన్న సముద్రంలోకి పోతే ఎప్పుడొస్తాడో తెలీక మా అమ్మ గుమ్మంలో కూర్చునేది. ఆయన నీళ్ళమీదున్నాడు, రాలేకపోయాడు. ఈయన పార్కులో ఉన్నాడు. పార్కుకీ ఇంటికీ మధ్య సముద్రముందా? ఆరింటికి ఇంట్లో ఉంటానంటే కబురు పెట్టమను, వస్తా. లేకపోతే ఆ రేడియోనే కాపురానికి తెచ్చుకోమను."

నాకు నోరు పెగల్లేదు. నాకు నోరు పెగలకపోవడమంటే మా వీధిలో అదొక వింత.

సింగయ్య పదిరోజులు మామూలుగానే పార్కుకి వెళ్ళాడు. దువ్విన తల మాత్రం దువ్వినట్టు లేదు. ఉద్యోగం మానెయ్యరా అని మా ఆయన అన్నాడు. మానేస్తే వాడు సింగయ్య ఎలా అవుతాడు? అదీగాక ఆరింటికి అక్కడ బెంచీలన్నీ నిండి ఉంటాయి. రిక్షావాళ్ళు, పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు, చూపు ఆనని ముసలాళ్ళు. ఇంట్లో రేడియో ఉన్నవాళ్ళెంతమంది ఆ రోజుల్లో? పదకొండో రోజు పొద్దున్నే బాపట్ల వెళ్ళి గురువుగారి దగ్గర్నించి పెద్ద తీగచుట్ట భుజానికి తగిలించుకుని వచ్చాడు.

ఆ తర్వాత నెల్లాళ్ళు ఏం చేస్తున్నాడో చెప్పలేదు. పార్కు గోడ మీంచి, వేపకొమ్మల మీంచి, ఆదాము సోడాకొట్టు రేకుల మీంచి, మా డాబా మీంచి రెండు తీగలు పాకి వాడి గది కిటికీలో దూరాయి. మా డాబా మీద మాత్రం ఒక ఘనకార్యం చేశాడు. నేను పదేళ్ళుగా బట్టలారేసుకుంటున్న కొబ్బరితాడు దండెం ఊడదీసి, ఆ మేకులకే తన తీగలు జానెడు ఎడంగా కట్టాడు. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత తప్పెవరిదని పంచాయితీ వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఒకరోజు సాయంత్రం నన్ను పిలిచాడు. మా అత్తగారి తమలపాకుల పెట్టె బల్ల మీద ఉంది. దాని మూతకి మధ్యలో ఎర్ర గోళీ.

"టైమెంతయింది వదినా?"

"ఆరు కావస్తోంది. నువ్వింకా ఇక్కడున్నావేంటి?"

"ఇక్కణ్ణించే పెడతా" అని గోళీ నొక్కాడు. అది మసకగా వెలిగింది. నిమిషం గడిచింది. రెండు వీధుల అవతల పార్కులో రేడియో గొంతు విప్పింది.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. వాడికి చెప్పలేదనుకోండి.

"ఇక్కడ నొక్కితే అక్కడ గదిలో చిన్న ఇనుప నాలుక టక్కుమని అతుక్కుంటుంది వదినా. అది అతుక్కుంటే రేడియోకి కరెంటు. మళ్ళీ నొక్కితే ఊడిపోతుంది. బ్యాటరీ కరెంటే, పట్టుకున్నా ఏం కాదు."

"అక్కడ అతుక్కుందని ఇక్కడ నీకెలా తెలుస్తుంది?"

"అందుకేగా ఈ దీపం."

"ఇంత మసగ్గా ఉందేం? నా కుంకుమంతా తగలేశావు, ఆ మాత్రం వెలుగు లేదు."

"రెండు వీధులు తిరిగొచ్చిన కరెంటు కదా. అలిసిపోయి ఉంటుంది" అన్నాడు. వాడి మొహంలో నెలన్నర తర్వాత నవ్వు కనిపించింది.

వారం రోజులు అలాగే పెట్టాడు. పార్కులో గదికి తాళం వేసి ఉంటే, లోపల సింగయ్య ఉన్నాడనే అనుకున్నారు జనం. సంగతి తెలిసినవాడు ఆదాము ఒక్కడే, తీగ వాడి నెత్తిమీంచే పోతోంది కాబట్టి. ఎనిమిదో రోజు నేను రేపల్లె బండెక్కాను. వేమూరు దాటాక ఏం మాట్లాడాలో సరిచూసుకున్నాను, భట్టిప్రోలు దాటాక అంతా మర్చిపోయాను.

సుబ్బరత్నం అరుగు మీద కూర్చుని వల అల్లుతోంది. నన్ను చూసి లేచి, కాళ్ళకి నీళ్ళిచ్చి, మళ్ళీ కూర్చుని అల్లుతోంది.

"వాడు ఆరింటికి ఇంట్లో ఉంటున్నాడే" అన్నాను.

"ఉద్యోగం పోయిందా?"

"పోలేదు. ఇంట్లో కూర్చునే పార్కులో రేడియో పెడుతున్నాడు."

ధనమ్మ పిన్ని లోపల్నించి వచ్చింది. "ఏంటమ్మాయ్, మళ్ళీ రేడియోలో చేస్తున్నాడా మా అల్లుడు? పోయినసారి మీ ఆయన మాట నమ్మి నెల్లాళ్ళు చెవులు నొప్పులు పుట్టేలా విన్నాం."

"నా కళ్ళతో చూశా పిన్నీ. బొత్తాం నొక్కుతాడు, దీపం వెలుగుతుంది, పార్కులో మోగుతుంది."

"దీపమా!" అని సుబ్బరత్నం వల పక్కన పెట్టింది. "దీపం లేకుండా మీ మరిది ఏదీ చేయడు కదా. సరే. చూసి నమ్ముతా. ఆరింటికి ఇంట్లో ఉండాలి, అవతల రేడియో మోగాలి. రెండూ జరగాలక్కా. నాకోసం పని చెడగొట్టుకున్నాడంటే రేపెప్పుడో నన్నే అంటాడు. పనికోసం గడప దాటాడంటే నేనే ఉండను."

మర్నాడు నాతో బయల్దేరింది. పెట్టె తీసుకోలేదు. చేతిసంచిలో ఒక్క చీర పెట్టుకుంది. ధనమ్మ పిన్ని ఆ సంచి వైపు చూసింది, నేనూ చూశాను. పెట్టె వస్తేనే కాపురం నిలబడినట్టు.

మధ్యాహ్నానికి తెనాలి చేరాం. ఇల్లు చూస్తే ఇద్దరు మగాళ్ళు రెండురోజులున్న ఇల్లులా ఉంది. తోటికోడలు వచ్చిందని నేను చీర కుచ్చెళ్ళు దోపి, వెనక గది కడిగి, దుప్పట్లూ బొంతలూ ఉతికి డాబా మీద ఆరేశాను. ఈ మాట ఇంతకన్నా పొడిగించను.

అయిదున్నరకి సింగయ్య తల దువ్వుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. సుబ్బరత్నం గుమ్మంలో ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. మా ఆయన కొట్టు ముందే కట్టేసి వచ్చి, ఏదో పనున్నట్టు కత్తిపీట తిరగేస్తున్నాడు. మార్గశిరమాసం, అప్పటికే బయట మసకపడుతోంది.

"నొక్కనా?" అన్నాడు సింగయ్య పెళ్ళాన్ని చూస్తూ.

"నన్నడుగుతావేంటి? పని నీది."

నొక్కాడు. గోళీ భగ్గున వెలిగింది. గది గోడలు ఎర్రబడ్డాయి. వారం రోజుల్లో ఎన్నడూ అంత వెలుగు చూడలేదు. మా ఆయన, "శభాష్" అన్నాడు. నేను సుబ్బరత్నం వైపు తిరిగి, "చూశావా, నువ్వొచ్చావని దీపం కూడా..." అనబోతున్నాను. సింగయ్య మొహం చూసి ఆగిపోయాను.

"ఇంత బాగా వెలగకూడదు వదినా" అన్నాడు.

నిమిషం అయింది. రెండయ్యాయి. పార్కు వైపు నుంచి కాకుల గోల తప్ప మరేం లేదు. వాడు గోళీ ఆపి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంత వెలుగూ వచ్చింది. పార్కులో చడీచప్పుడు లేదు.

"కరెంటు అంతదూరం పోవడం లేదు. మధ్యలో ఎక్కడో రెండు తీగలూ కలిసి, దగ్గర్నించే తిరిగొచ్చేస్తోంది. అందుకే అలిసిపోలేదు" అన్నాడు ఎవరితోనో మాట్లాడినట్టు. కాళ్ళు వాటంతటవే లేచాయి వాడికి. రెండడుగులు గుమ్మం వైపు వేశాడు. గుమ్మంలో సుబ్బరత్నం ఉంది. వాడాగిపోయాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. పార్కులో బెంచీలన్నీ వాడి కళ్ళలో కనిపిస్తున్నాయి నాకు.

ఇంతలో వీధిలోంచి ఆదాము కేకేశాడు. "సింగన్నా! ఏంటన్నా ఇంకా మోగలా? శ్రీనివాసరావు గారు గది తలుపు కర్రతో కొడతన్నారు. లోపల నువ్వు నిద్రపోయావని కొందరు, పోయావని కొందరు అంటన్నారు!"

"నేను..." అని సింగయ్య పెళ్ళాన్ని చూశాడు. తాళంచెవి చేతిలో పట్టుకుని ఉన్నాడు. పరిగెత్తితే నాలుగు నిమిషాల్లో రేడియో మోగుతుంది, ఆ నాలుగు నిమిషాల్లో కాపురం పోతుంది. కూర్చుంటే కాపురం నిలబడుతుందా? అదీ లేదు, రేడియో మోగాలని కూడా అంది కదా. వాడు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. తమలపాకుల పెట్టె రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. కదల్లేదు. ఆరింటికి రేడియో పెట్టకుండా వాడు కదలకుండా కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

సుబ్బరత్నం వాణ్ణి చూసింది. కొంగు తీసి నడుముకి బిగించింది.

"ఆ తీగ ఎటునించి పోతోంది?"

"కిటికీలోంచి డాబా మీదికి. అక్కణ్ణించి ఆదాము కొట్టు. తర్వాత వేపచెట్టు."

"పట్టుకుంటే షాకు కొడుతుందా?"

"కొట్టదు. బ్యాటరీయే."

"అయితే నువ్వు కదలకు. ఆరింటికి ఇంట్లో ఉంటానన్నావుగా, ఉండు. నేను చూసొస్తా."

"నీకేం తెలుసు తీగల గురించి?"

"తాడు గురించి తెలుసు" అంది.

మా వాళ్ళలో ఆడపిల్లకైనా తెలిసిన పనది. వల లాగుతుంటే ఎక్కడో పట్టేస్తుంది, నీళ్ళలో కనపడదు. తాడు మీద చెయ్యి వేసి, వదలకుండా, వేళ్ళతో వినుకుంటూ పోవాలి. బిగువు మారిన చోట ఉంటుంది చిక్కు. సుబ్బరత్నం కిటికీ దగ్గర తీగల మీద చెయ్యి వేసింది. వేళ్ళు జార్చుకుంటూ మెట్లెక్కింది. నాలుగో మెట్టు మీద ఆగి, "బరువుంది దీనిమీద" అంది.

అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు బొంతలు గుర్తొచ్చాయి.

తీగ అక్కడుందని నాకు తెలియక కాదు. తెలియడం వేరు, తడిబొంత మోస్తూ నడుం పట్టేసినప్పుడు గుర్తుండడం వేరు. పదేళ్ళుగా ఆ మేకుల మధ్య నేను బట్టలారేశాను, చేతులే వెళ్ళి వేసేశాయి. నేను సుబ్బరత్నం వెనకే డాబా ఎక్కాను. మూడు బొంతలు, నీళ్ళోడుతూ, రెండు తీగల్నీ కలిపి కిందికి గుంజేసి, ఏనుగు కూర్చున్నట్టు కూర్చున్నాయి. తీగ మీద తొడుగులా చుట్టిన నూలు తడిసి, అక్కడక్కడా ఊడి, లోపలి రాగి ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకుంటోంది.

సుబ్బరత్నం నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అనుంటే నాకూ జవాబుండేది.

కింద నుంచి సింగయ్య అరుపు: "ఏంటి? ఏం కనబడింది?"

"వల్లో తిమింగలం పడింది!" అని అరిచింది సుబ్బరత్నం. మా ఇంటికి వచ్చాక ఆ పిల్ల గొంతెత్తడం అదే మొదలు. ఇద్దరం బొంతలు లాగేశాం. ఒక తీగ మేకు నుంచి ఊడి వేలాడింది. దాన్ని లాగిపట్టి, వల అల్లేటప్పుడు వేసే ముడి వేసింది, రెండు చుట్లు, ఒక లాగు. రెండు తీగలూ మళ్ళీ జానెడు ఎడంగా నిలబడ్డాయి. "ఇప్పుడు నొక్కు!" అంది.

కిటికీలోంచి కనపడే ఎర్రటి వెలుగు ఆరింది, మళ్ళీ వచ్చింది. ఈసారి మసకగా, అలిసిపోయినట్టుగా వచ్చింది. మేమిద్దరం డాబా మీద తడిబొంతలు పట్టుకుని నిలబడ్డాం. పార్కులో నాలుగు హారన్లూ ఒక్కసారి గొంతు సవరించుకున్నాయి.

తూర్పు హారను ఇంకా గరగరలాడుతూనే ఉంది. సుబ్బరత్నం తలొంచి విని, "అవును, గరగరలాడుతోంది" అంది. అంతే అంది.

కిందికి వచ్చేసరికి సింగయ్య పెట్టె పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. లేవనా వద్దా అన్నట్టు పెళ్ళాం వైపు చూశాడు.

"ఇంక లేవొచ్చు" అంది. "ఆరు దాటి ఇరవై నిమిషాలయింది."

ఆ ఇరవై నిమిషాలకీ ఊళ్ళో నష్టపోయింది శ్రీనివాసరావు గారొక్కరే. రేడియో మోగగానే ఆయన, తన గడియారమే తొందరపడుతోందనుకుని, అలవాటు ప్రకారం దాన్ని ఆరుకి తిప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే బాపట్ల వెళ్ళే బండి ఆయన ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి వెళ్ళిపోయి చాలాసేపయింది. రైళ్ళవాళ్ళకి టైము మీద గౌరవం పోయిందని ఏడాదిపాటు చెప్పారు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర సుబ్బరత్నం కోడిగుడ్డు పులుసు వడ్డించింది. సింగయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూనే, "పులుసు బాగుంది" అన్నాడు. మింగాక అనాలిరా అని చెప్పాలనిపించింది, ఊరుకున్నాను. సుబ్బరత్నం నవ్వు దాచుకోవడానికి గరిటె కోసం వంటింట్లోకి వెళ్ళింది. గరిటె ఆమె చేతిలోనే ఉంది.

"అక్కా" అంది అక్కణ్ణించే, "రేపు రేపల్లె వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే పెట్టె పంపమని అమ్మకి కబురు చెప్పించు."

మూడోరోజు బండిలో పెట్టె వచ్చింది. ఆకుపచ్చ రంగు రేకుపెట్టె, మూత మీద పూలు. దాన్ని నేనే రిక్షా ఎక్కించి తెచ్చాను, బొంతల బాకీ అలా తీర్చుకున్నాను. దండెం మాత్రం మళ్ళీ కొబ్బరితాడుతో గోడకి అవతలివైపు కట్టించుకున్నాను. తీగకి నేను ముప్పై అడుగుల దూరంలో ఉండాలని సుబ్బరత్నం పెట్టిన షరతు. సుబ్బరత్నం వేసిన ముడిని సింగయ్య ఏనాడూ విప్పలేదు. "ఇది విద్యుత్తు లెక్కలో తప్పు వదినా, కానీ బిగువుగా ఉంది" అనేవాడు. డెబ్బై అయిదు తర్వాత అందరి చేతుల్లోకీ ట్రాన్సిస్టర్లు వచ్చి పార్కు బెంచీలు పలచబడే దాకా, ఆరింటికి ఆ ఎర్ర గోళీ నొక్కుతూనే ఉన్నారు. వాడికి జ్వరమొస్తే సుబ్బరత్నం నొక్కేది, మసకగా వెలిగిందో లేదో చూసి మరీ.

పెట్టె వచ్చిన రోజు సంగతి ఒకటి మిగిలింది. సుబ్బరత్నం మార్కెట్‌కి వెళ్ళొచ్చేసరికి సింగయ్య ఆ రేకుపెట్టె లోపల పచ్చ గోళీ బిగించి ఉంచాడు. మూత తెరిస్తే వెలుగుతుంది, చీరలన్నీ కనిపిస్తాయి. ఆ పిల్ల మూత తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"మూత మూశాక దీపం ఆరిందని నీకెలా తెలుసయ్యా?" అంది.

సింగయ్యకి ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. తెల్లారి లేచి, చూసుకోవడానికి పెట్టెకి పక్కన చిన్న కన్నం పెట్టాడు. ఆ కన్నంలోంచి బొద్దింకలు దూరి పెళ్ళినాటి పట్టుచీర అంచంతా కొట్టేశాయి. సుబ్బరత్నం ఆ చీర పట్టుకుని వాణ్ణి రెండుసార్లు ఇంటి చుట్టూ తరిమింది. అయినా ఆ పెట్టె మాత్రం మళ్ళీ రేపల్లె వెళ్ళలేదు.